ఎడారిని మింగేసిన పది పండ్లు

రెండో సెషన్‌లోనే నా ఎడారి అయిపోయింది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆటని ఒక పాత ఎడారి ప్రపంచంలో ఆడిద్దామని మూడు నెలలు కూర్చుని అరవై పేజీల డాక్యుమెంట్ తయారు చేశాను. ఏ జాతికి ఏ బలం, ఎముక కత్తికి ఎంత దెబ్బ, ఏ మృగానికి ఎన్ని హిట్ పాయింట్లు, అంటే ఎంత ప్రాణం, అన్నీ పట్టికలే. మొదటి శనివారం మియాపూర్‌లో మా డైనింగ్ టేబుల్ చుట్టూ నలుగురు చేరారు. ఎండ, ఇసుక, దాహం అంటూ అరగంట వర్ణించాను. అందరూ బాగుందన్నారు. రెండో శనివారం బిడారు నుంచి విడిపోయి దారి తప్పారు. నీళ్ళ తిత్తులు సగం ఖాళీ. ఇక వీళ్ళకి టెన్షన్ మొదలవుతుందని లోపల సంబరపడుతున్నాను. డ్రూయిడ్ అనే ప్రకృతి మంత్రగత్తె పాత్ర ఆడుతున్న అమ్మాయి తన షీట్ చూసుకుని, "అక్కా, నాకు గుడ్‌బెర్రీ ఉంది కదా" అంది.

గుడ్‌బెర్రీ ఒకటో లెవెల్ మంత్రం. అరచేతిలో పది పండ్లు పుడతాయి. ఒక్క పండు తింటే ఒక మనిషికి ఒక రోజు గడిచిపోతుంది. ఉన్నది నలుగురు.

"మిగతా ఆరూ ఏం చేద్దాం? బండి లాగే పురుగులకి పెడదామా?" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఈ ఆటలు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో పుట్టింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారు చేశారు. బోర్డు లేకపోయినా నడుస్తుంది. ఒకరు కథ నడిపిస్తారు, ఆ మనిషిని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర ఆడతారు, అనుమానం వచ్చిన చోట పాచిక తేలుస్తుంది. రూల్స్ కొన్నేళ్ళకోసారి మారుతుంటాయి, ఆ మార్పుల్ని ఎడిషన్లు అంటారు. రూల్స్‌తో పాటు ప్రపంచాలు కూడా అమ్ముతారు, వాటిని సెట్టింగ్ అంటారు. నేను బతికించబోయి రెండు వారాల్లో చంపేసిన సెట్టింగ్ పేరు డార్క్ సన్. టీఎస్ఆర్ అనే కంపెనీ 1991లో రెండో ఎడిషన్ కోసం తెచ్చింది. తిమోతీ బ్రౌన్, ట్రాయ్ డెనింగ్ రాశారు, బ్రామ్ బొమ్మలు వేశాడు. ఆ బొమ్మలు చూస్తుంటేనే నోరు ఎండిపోతుంది.

ఆ ప్రపంచం పేరు అథాస్. అక్కడ దేవుళ్ళు లేరు. ఇనుము దొరకడమే అరుదు కాబట్టి కత్తులు ఎముకతో, రాతితో, అబ్సిడియన్ అనే నల్ల గాజురాయితో చేస్తారు. డబ్బు కూడా కాల్చిన మట్టి బిళ్ళలే. మంత్రం వేస్తే చుట్టుపక్కల పచ్చదనం చచ్చి బూడిదవుతుంది. తరతరాలుగా మంత్రాలు వేసీ వేసీ భూమిని ఎడారి చేశారు. మిగిలిన కొద్ది నగరాల్ని మంత్రాలతో చావును వాయిదా వేసుకుంటున్న రాజులు ఏలుతుంటారు.

2004లో టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తుండగా, ఒక పాత పుస్తకాల షాపులో ఈ పెట్టె దొరికింది. మూలలు చిరిగి, టేపు వేసి ఉంది. అందులో వాండరర్స్ జర్నల్ అనే పుస్తకం ఉంటుంది, ఆ దేశం తిరిగిన ఒక బాటసారి చెప్తున్నట్టు. నీళ్ళ గురించి నాలుగు పేజీలు చదివేసరికి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. అమెరికావాళ్ళు రాసిన అనంతపురంలా అనిపించింది.

మాది వానలు ముఖం చాటేసే జిల్లా. ట్యాంకర్ వచ్చే రోజు మా వీధిలో బిందెలు ముందురోజు రాత్రే వరుసలో కూర్చునేవి. మా బిందె మెడకి అమ్మ ఎర్ర దారం కట్టింది, ఎవరూ మార్చేయకుండా. ఆ వరుస కాయడం, బిందె మోయడం ఆడపిల్లల పని, అందులో చర్చ లేదు. కాళ్ళు కడుక్కున్న నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోవాలి. స్నానానికి అర బకెట్ మించితే బయటి నుంచి తలుపు కొట్టేవారు. అందుకే ఎడారి కథంటే నాకు ఇసుక దిబ్బలు, ఒంటెలు గుర్తుకు రావు. లెక్క గుర్తొస్తుంది. ఎన్ని చెంబులు ఉన్నాయి, ఎంతమంది ఉన్నారు, ఎప్పటిదాకా సరిపెట్టాలి.

నా అరవై పేజీల్లో లేనిది ఆ లెక్కే. పాత సెట్టింగ్‌ని కొత్త రూల్స్‌లోకి తెద్దామనుకునే ప్రతివాళ్ళూ జాతులతో మొదలుపెడతారు, తర్వాత ఆయుధాలు, తర్వాత మృగాలు. నేనూ అంతే చేశాను. అవి సులువు కాబట్టి చేస్తాం. పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది, పేజీలు పెరుగుతాయి. కానీ అథాస్ ఒక ఖాళీల ప్రపంచం. ఏవి లేవో అవే దాని రుచి. మేం ఆడే 2014 నాటి ఐదో ఎడిషన్‌దేమో పెళ్ళివారి చెయ్యి, అడగకుండానే వడ్డిస్తుంది. రాత్రి పడుకుని లేస్తే గాయాలన్నీ మాయం. చిన్న మంత్రాలు రోజంతా ఉచితం. అవుట్‌లాండర్ అనే నేపథ్యం ఎంచుకున్నవాడు తనకీ, ఇంకో ఐదుగురికీ రోజూ తిండీ నీళ్ళూ వెతికి తెస్తాడు, భూమి ఇవ్వగలిగితే చాలు. ఒకటో లెవెల్ క్లెరిక్, అంటే పూజారి, పది గ్యాలన్ల నీళ్ళు పుట్టిస్తాడు. ఐదో లెవెల్‌కి వచ్చేసరికి ఇంకో మంత్రంతో ముప్పై గ్యాలన్లు, పదిహేను మందికి భోజనాలు. ఇంత పెద్ద ఫంక్షన్ హాల్లో దాహం ఎక్కడ పెడతారు?

తమాషా ఏంటంటే, దాహానికి కొత్త రూల్స్‌లోనూ లెక్క ఉంది, బాగానే ఉంది. మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు. ఎండాకాలమైతే రెండు. సగం కూడా అందకపోతే అలసట ఒక మెట్టు ఎక్కుతుంది. మెట్లు ఆరే, ఆరోది చావు. ఈ పేజీని ఎవరూ తెరవరు, అంతే. తెరిచే అవసరం రాకుండా పైన చెప్పిన మంత్రాలు కాపలా కాస్తుంటాయి.

"అయితే ఆ మంత్రాలు బ్యాన్ చేసెయ్యక్కా" అన్నాడు నాతో ఆడేవాడొకడు. చాలామంది డీఎంలు అదే చేస్తారు. నాకు ఇష్టం లేదు. వద్దన్నది వద్దన్నట్టే ఉంటుంది, దాని నుంచి కథ పుట్టదు. పాత పుస్తకం కూడా చాలా చోట్ల వద్దనలేదు, ఖరీదు చెప్పింది.

ఆ పెట్టె మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక పట్టిక, నవ్వకండి. రెండో ఎడిషన్‌లో ఒక్కో వృత్తికి లెవెల్ పెరగడానికి ఒక్కో ఎక్స్‌పీ పట్టిక, అంటే అనుభవం పాయింట్ల పట్టిక, ఉండేది. డార్క్ సన్ మంత్రగాళ్ళకి రెండు పట్టికలు ఇచ్చింది. నేలని కాపాడుతూ జాగ్రత్తగా మంత్రం వేసేవాడు ప్రిజర్వర్. నేల ఏమైపోతే నాకేం అనేవాడు డిఫైలర్. డిఫైలర్ పట్టికలో అంకెలు తక్కువ, అంటే వాడు త్వరగా పెరుగుతాడు. పక్కపక్కనే కూర్చుని ఆడుతున్న ఇద్దరిలో మంచివాడు ఇంకా నాలుగో లెవెల్‌లో ఉండగానే రెండోవాడు ముందుకెళ్ళిపోతాడు. పచ్చదనాన్ని కాపాడండి అని ఉపన్యాసం అక్కర్లేదు. ప్రతి సెషన్ చివర కూడికలు వేసుకునేటప్పుడు ఆ మంచివాడి కడుపు మండుతుంది. ఆ మంటే డార్క్ సన్.

ఐదో ఎడిషన్‌లో అందరికీ ఒకటే పట్టిక. అక్కడితో ఆ మంట ఆరిపోయింది. డిఫైలర్ అనే పేరు తెచ్చుకుని, బూడిద వర్ణన తెచ్చుకుని, ఆ పట్టిక చేసిన పని వదిలేస్తే మిగిలేది వేషమే.

2010లో నాలుగో ఎడిషన్‌వాళ్ళు దీన్ని తెలివిగా పట్టుకున్నారు. ఆ ఎడిషన్ అంటే పాతవాళ్ళు మొహం చిట్లిస్తారు, నేను మాత్రం ఈ విషయంలో దండం పెడతాను. పెద్ద మంత్రం గురి తప్పిందా, పాచిక మళ్ళీ వేసుకోవచ్చు, కానీ దగ్గర్లో ఉన్న నీ వాళ్ళకే దెబ్బ తగులుతుంది. పాత పట్టికతో దీనికి పోలికే లేదు, పని మాత్రం అదే చేస్తుంది. అదే పుస్తకంలో నాకు నచ్చనిదీ ఉంది. అప్పటి మూల రూల్స్‌లో ఉన్న చాలా జాతులకి అథాస్‌లో ఏదో ఒక మూల చోటు చూపించారు. డ్రాగన్‌బార్న్‌లకి డ్రే అని పేరు పెట్టారు, టీఫ్లింగులు వచ్చారు, ఎలాడ్రిన్లు వచ్చారు. పుస్తకాలు అమ్ముకునేవాళ్ళ ఇబ్బంది అర్థమవుతుంది. 1991 పెట్టెలో నోమ్ అనే పొట్టి జాతివాళ్ళు లేరు, ఎప్పుడో నరికేశారు కాబట్టి. ఆ లేకపోవడం కూడా కథే కదా.

నేనేం చేశానో చెప్తాను, కాపీ కొట్టుకుంటే కొట్టుకోండి.

టేబుల్ మధ్యలో స్టీలు గ్లాసు పెట్టాను. ఒక్కొక్కరికీ చింతపిక్కలు పంచాను, మా ఇంట్లో అష్టాచెమ్మా కోసం అరగదీసి దాచినవి. ఒక పిక్క ఒక గ్యాలన్. రోజు గడిచిందని నేను అనగానే ఎవరి నీళ్ళు వాళ్ళు గ్లాసులో వెయ్యాలి. ఎండలో నడిస్తే రెండు. షీట్ మీద పెన్సిల్‌తో నీళ్ళు కొట్టేసుకునేటప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు. పిక్క గ్లాసులో టంగుమన్నప్పుడు మాటలు ఆగిపోతున్నాయి. మూడో రోజు నుంచి ఎదుటివాళ్ళ పిక్కలు ఎన్నో కంటితోనే లెక్కపెట్టుకోవడం మొదలైంది. ఒకడు తన రెండిటిని గుప్పిట్లో దాచుకున్నాడు. ఆటలో దాచుకున్నట్టు ఏమీ చెప్పలేదు, నిజంగానే చెయ్యి బల్ల కిందికి పెట్టేశాడు.

గుడ్‌బెర్రీ ఉంచాను. కడుపు నింపుతుంది, దాహం తీర్చదు. పండ్లు పుట్టాలంటే కనుచూపు మేరలో ఏదో ఒక పచ్చని మొక్క ఉండాలి, పండ్లు పుట్టాక అది ఎండిపోతుంది. నీళ్ళు పుట్టించే మంత్రాలూ ఉంచాను, కానీ అవి నిజానికి పుట్టించవు. నువ్వు పది గ్యాలన్లు రప్పించావంటే దగ్గర్లో ఉన్న బావిలో పది గ్యాలన్లు తగ్గాయని అర్థం. ఎవరి బావి అనేది నేను చెప్పను.

ఈ చివరిది ఏ పుస్తకంలోనూ లేదు. మా తాత బోరు నుంచి వచ్చింది. పక్క చేనువాళ్ళు మాకన్నా లోతుగా వేయించారు, ఆ వేసవికి మా పైపులోంచి గాలి వచ్చింది. వాళ్ళు మమ్మల్ని ఏమీ చెయ్యలేదు, వాళ్ళ శెనక్కాయలకి నీళ్ళు పెట్టుకున్నారంతే. తాత చాలాకాలం వాళ్ళతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడట్లేదో మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాడు.

ఇక మంత్రాలు. మామూలుగా వేస్తే మామూలే. కావాలంటే డిఫైల్ చెయ్యొచ్చు. అప్పుడు మంత్రం ఒక లెవెల్ ఎక్కువ బలంతో, ఉచితంగా పడుతుంది. తోటివాళ్ళు మాత్రం తలా ఒక హిట్ డై పోగొట్టుకుంటారు, అంటే గాయం మానే శక్తి కొంత పోతుంది. ఆ చోటు మ్యాప్ మీద నల్ల మార్కర్‌తో నింపాలి. మంత్రం వేసినవాళ్ళే స్వయంగా నింపాలి. ఆ నలుపు ఎప్పటికీ పోదు, కొత్త సెషన్‌కి కొత్త చార్టు ఇవ్వను. రోజంతా ఉచితంగా వేసుకునే చిన్న మంత్రాల జోలికి పోలేదు, వాటిని లాక్కుంటే మంత్రగాడు ఆడేవాడు చేతులు ముడుచుకుని ఫోన్ చూసుకుంటాడు. అథాస్‌లో మంత్రగాళ్ళంటే జనానికి అసహ్యం, చట్టం కూడా ఒప్పుకోదు. బజార్లో వేలి చివర నిప్పు చూపించి చూడండి, రాళ్ళు పడతాయి. అది చాలు.

విశ్రాంతి విషయంలో కొత్తగా ఆలోచించే పనే పడలేదు. 2014 డీఎం పుస్తకంలోనే ఒక ప్రత్యామ్నాయం ఉంది, చిన్న విశ్రాంతికి ఎనిమిది గంటలు, పెద్దదానికి ఏడు రోజులు. దానికి నీడా నీళ్ళూ ఉన్నచోటే అని ఒక్క ముక్క కలిపాను. సయానిక్స్‌కి, అంటే మనసుతో చేసే విద్యలకి, అందరికీ ఒక ఫీట్, అంటే ఒక అదనపు నేర్పు, ఉచితంగా ఇచ్చి ఊరుకున్నాను. దాని మీద జనం ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు, నాకు అంత ఓపిక లేదు.

ఇంత గోల ఎందుకు, పాత రూల్స్‌తోనే ఆడుకోవచ్చు కదా అని పాతకాపులు అంటారు. సబబైన ప్రశ్నే. ఒకసారి ప్రయత్నించాను. రెండో ఎడిషన్‌లో కవచం అంకె ఎంత తగ్గితే అంత మంచిది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కించడానికి ఒక సాయంత్రం పోయింది. నా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్ళు ఐదో ఎడిషన్‌తో పెరిగినవాళ్ళు, వాళ్ళ చేతులకి ఆ షీట్ అలవాటు. వాళ్ళని ఎడారికి తీసుకెళ్ళాలన్నది నా కోరిక, మ్యూజియంకి కాదు. ఇంకో మాట, పాత రూల్స్‌లో అన్నీ ఆలోచించి పెట్టినవేం కావు, చాలావరకు అప్పటి అలవాట్లు. ఏది అలవాటో ఏది ఊపిరో తేల్చుకోవడమే అసలు పని.

కాలం కూడా ఎంచుకోవాలి. 1991లో పెట్టెతో పాటే ఒక నవలల వరుస మొదలుపెట్టారు, మొత్తం ఐదు. మొదటి నవలలోనే టైర్ నగరపు రాజు కాలక్ చచ్చిపోతాడు. ఐదు పూర్తయ్యేసరికి డ్రాగన్ చచ్చింది, రాజుల్లో ఇంకొందరు పోయారు. 1995లో మార్చి వేసిన పెట్టె ఆ నవలల తర్వాతి ప్రపంచాన్ని చూపించింది. అంటే మనం పాచికలు తీసేలోపే వేరేవాళ్ళు గెలిచి ఇంటికెళ్ళిపోయారు. 2010లో దాన్ని వెనక్కి తిప్పి, కాలక్ చచ్చిన వెంటనే ఆపారు. నేను ఇంకా కొంచెం వెనక్కెళ్ళాను. నా టేబుల్ మీద కాలక్ బతికే ఉన్నాడు, వాడి జిగ్గురాట్, అంటే మెట్ల గోపురం, ఇంకా లేస్తూనే ఉంది, చంపాలా వద్దా అన్నది నలుగురి ఇష్టం.

ఆ జిగ్గురాట్ కట్టేది బానిసలు. తప్పించుకోలేని ప్రశ్న ఇది. ఈ ఆట ఇప్పుడున్న కంపెనీ చేతికి 1997లో వచ్చింది. స్పెల్‌జామర్, ప్లేన్‌స్కేప్, డ్రాగన్‌లాన్స్ లాంటి పాత సెట్టింగుల్ని వరసగా ఐదో ఎడిషన్‌లోకి తెచ్చారు, డార్క్ సన్‌ని మాత్రం చాలాకాలం పక్కన పెట్టారు. అందులో ఇబ్బందికరమైన విషయాలు చాలా ఉన్నాయని ఆ ఆట చూసే పెద్ద ఉద్యోగి ఒకాయన 2023లో ఒప్పుకున్నాడు కూడా. అంతకు ముందు ఏడాదే స్పెల్‌జామర్‌లో హాడోజీ అనే కోతిజాతిని బానిసలుగా రాసి, గొడవయ్యాక క్షమాపణ చెప్పి తీసేశారు. వాళ్ళ భయం ఉత్తిదేం కాదు.

నేను మొదట్లో దాన్ని తేలిగ్గా తీసుకున్నాను. రాజులు దుర్మార్గులు, దుర్మార్గం చూపించకుండా ఎలా అనుకున్నాను. అంగడిలో బానిసల వేలం సీన్ ఒకటి రాసుకున్నాను, చాలా బాగా రాశానని గర్వం కూడా. సెషన్ మొదలయ్యే ముందు మా వాళ్ళలో ఒకడు బాల్కనీలోకి పిలిచాడు. నల్గొండ వైపు పిల్లాడు, అందర్నీ నవ్విస్తూ ఉంటాడు. "అక్కా, మా తాత వాళ్ళ నాయన దొర దగ్గర జీతమున్నడు. అప్పు తీరకముందే పోయిండు, మా తాతని పెట్టిన్రు. కొనే సీన్ నా ముంగట వద్దు. తప్పించుకునేటివి ఎన్నన్న పెట్టు."

ఆ పేజీ చించేశాను. బానిసత్వాన్ని తీసేయలేదు, తీసేస్తే కాలక్ మామూలు ముసలి రాజు అయిపోతాడు. కెమెరా ఎటు పెట్టాలన్నది మార్చాను. మ్యూల్ అనే జాతి మనిషికీ మరుగుజ్జుకీ పుట్టినవాళ్ళు, పని కోసం బలవంతంగా పుట్టించారని పాత పుస్తకం చెప్తుంది. నా దగ్గర వాళ్ళకి వాళ్ళ పాటలు ఉన్నాయి, పారిపోయే దారుల పేర్లు ఆ పాటల్లో దాచి ఉంటాయి. ఆ పిల్లాడే మ్యూల్‌ని ఆడుతున్నాడు. ఆ పాటలు కూడా వాడే కడుతున్నాడు, నల్గొండ యాసలో.

ఒక కంపెనీ ఆ పుస్తకం వేసి లక్షల మందికి అమ్మేటప్పుడు బాల్కనీలోకి పిలిచి చెప్పేవాళ్ళు ఉండరు. అందుకే వాళ్ళు వెయ్యకపోవడం నాకు అంత అన్యాయంగా అనిపించదు. ఈ పని ఇళ్ళలో, నలుగురి మధ్య జరిగితేనే మేలు. పాత పుస్తకాల పీడీఎఫ్‌లు అధికారికంగానే అమ్ముతున్నారు. పైగా మనం చదివితే వాళ్ళు చూడనివి కొన్ని కనపడతాయి. అథాస్‌లో రామ్ అని ఒక నగరం ఉంది, దాని రక్షకభటుల పేరు మన్సబ్‌దార్లు. అమెరికావాళ్ళకి అది వింతగా వినిపించే మాట. హైదరాబాద్‌లో ఆడుతున్న నా టేబుల్ దగ్గర ఆ పేరు చదవగానే, "మనకి ప్లాట్ రిజిస్ట్రేషన్ కూడా చేయిస్తారా వీళ్ళు" అని ఒకడు అడిగాడు.

ఇప్పుడు పదకొండో సెషన్ అయింది. పోయిన శనివారం టైర్ నుంచి ఉరిక్ వెళ్ళే దారిలో, సిల్వర్ స్ప్రింగ్ ఒయాసిస్ అంచున పట్టుబడబోయారు. అందరి పిక్కలూ కలిపి మూడు. వెనక టెంప్లర్లు, రాజుగారి మనుషులు. గుడ్‌బెర్రీ అమ్మాయి పాత్ర నాలుగో సెషన్‌లో చచ్చిపోయింది, ఇప్పుడు ప్రిజర్వర్‌ని ఆడుతోంది. నేనైతే చస్తే డిఫైల్ చెయ్యనని మొదటి రోజు అందరి ముందూ చెప్పింది. చాలాసేపు మ్యాప్ చూసింది. ఎవరూ సలహా ఇవ్వలేదు. నల్గొండ పిల్లాడు గ్లాసు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. చివరికి ఆమె, "మార్కర్ ఇటివ్వండి" అంది.

ఖర్జూరపు చెట్లు తొమ్మిది గీశాను ఆ చార్టు మీద. ఏడింటిని నింపింది. ఎవరూ చూడట్లేదనుకుని మిగతా రెండింటి చుట్టూ జాగ్రత్తగా గీత తిప్పింది. రూల్ ప్రకారం అన్నీ పోవాలి. నేను ఏమీ అనలేదు. టెంప్లర్లు కాలిపోయారు, మావాళ్ళు బతికారు. మార్కర్ చార్టులోంచి దిగి టేబుల్‌కి అంటుకుంది, మా అత్తగారు థిన్నర్‌తో తుడిచినా పోలేదు.

ఆ ఒయాసిస్ ఎల్ఫుల తెగది. తెల్లవారి వాళ్ళు లేచి ఆ ఏడు చెట్లు చూస్తారు. మావాళ్ళ దగ్గరున్న పిక్కలు ఇప్పుడు ఒకటి. నీళ్ళకి ఎల్ఫులు ఏం అడుగుతారో శనివారం లోపు తేల్చుకోవాలి.